హాలోవీన్ పార్టీకి కూరగాయల అస్థిపంజరం.. బల్ల మీద అందరూ తినగలిగే పళ్లెం!

అక్టోబరు నెల సగం దాటిందంటే అమెరికాలో ఏ వీధి చూసినా ఇళ్ల ముందు గుమ్మడికాయలు, చెట్లకు వేలాడే సాలెగూళ్లు, గుమ్మాల్లో ప్లాస్టిక్ అస్థిపంజరాలే. పిల్లల స్నేహితుల ఇళ్ల నుంచి, ఆఫీసు నుంచి, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ నుంచి హాలోవీన్ పార్టీ పిలుపులు వస్తాయి. వాటితోపాటే ‘తలా ఒక వంటకం తీసుకురండి’ అనే మాటా వస్తుంది. సమోసాలు తీసుకెళ్దామా, పులిహోర కలుపుదామా, లేదంటే పోతూపోతూ ఓ చిప్స్ ప్యాకెట్ కొనేద్దామా అని మన ఇళ్లలో చర్చ మొదలవుతుంది.

ఆ పార్టీ బల్లను ఒకసారి పరిశీలనగా చూస్తే మనం ఏం తీసుకెళ్లాలో తేలిగ్గా తెలిసిపోతుంది. పిండి పట్టీలు చుట్టి ‘మమ్మీ’ల్లా చేసిన సాసేజ్‌లు ఉంటాయి. దెయ్యం ఆకారంలో మార్ష్‌మాలోలు, పురుగుల్లా కనిపించే గమ్మీలు, రంగురంగుల కప్‌కేకులు ఉంటాయి. శాకాహారి ఇంటి పిల్లలకు వీటిలో సగం పనికిరావు. మార్ష్‌మాలోల్లో, చాలా రకాల గమ్మీల్లో, క్యాండీ కార్న్‌లో సాధారణంగా జెలాటిన్ వాడతారు. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. వేరుశెనగ, జీడిపప్పు పడని పిల్లలకు చాక్లెట్లు ప్రమాదం. గ్లూటెన్ పడనివారికి పిండితో చేసినవేవీ కుదరవు. అలాంటి పిల్లలు చేతిలో ఖాళీ ప్లేటుతో పక్కన నిలబడటం చాలా పార్టీల్లో కనిపించేదే.

ఈ ఇబ్బందులన్నీ దాటే వంటకం ఒకటుంది. పచ్చి కూరగాయ ముక్కలు, అద్దుకోవడానికి ఓ డిప్. దానికే హాలోవీన్ వేషం వేస్తే పిల్లలు ఎగబడే అస్థిపంజరం పళ్లెం తయారవుతుంది. పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడే పని లేదు. పేర్చే పనిలో పిల్లలనూ కూర్చోబెట్టవచ్చు. కావలసిందల్లా కాస్త ఓపిక, ఇంకాస్త జాగ్రత్త.

అద్దుకుని తినడం మనకు కొత్త కాదు

అమెరికన్ పార్టీల్లో కూరగాయల పక్కన ఎక్కువగా కనిపించేది రాంచ్. 1950ల్లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర స్టీవ్ హెన్సన్ దంపతులు నడిపిన హిడెన్ వ్యాలీ రాంచ్ నుంచే దానికా పేరు వచ్చింది. పక్కనుండే బేబీ క్యారెట్లు కూడా కాలిఫోర్నియావే. వంకరగా ఉన్నాయని, విరిగాయని పక్కన పడేసే క్యారెట్లను చిన్న ముక్కలుగా చెక్కి అమ్మవచ్చని 1986లో మైక్ యురోసెక్ అనే రైతుకు తట్టింది. అలా పుట్టినవే ఇవి.

రాంచ్‌లో సాధారణంగా మయొనైజ్ ఉంటుంది, అంటే గుడ్డు ఉన్నట్టే. ఉల్లి, వెల్లుల్లి పొడులూ ఉంటాయి. కొన్ని రెడీమేడ్ డిప్‌లలో వోర్సెస్టర్‌షైర్ సాస్ కలుపుతారు. ఆ సాస్‌లో తరచూ ఆంకోవీ చేపలు వాడతారు. అందుకే గుడ్డు కూడా ముట్టని ఇళ్లలో సీసా మీది చిన్న అక్షరాలు చదవక తప్పదు. అంతకంటే ఇంట్లో చేసుకోవడమే సులువు. చిక్కటి పెరుగులో కొత్తిమీర, జీలకర్ర పొడి, ఉప్పు కలిపితే అదే మన పెరుగు పచ్చడికి దగ్గరి చుట్టం.

ఇంకో మాట. హాలోవీన్ వచ్చే రోజులు మన పండుగల రోజులు కూడా. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. 2025లో హాలోవీన్ కార్తీక మాసంలో పడింది. ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. కింద చెప్పిన డిప్‌కు వెల్లుల్లి లేకపోయినా రుచి తగ్గదు.

కావలసినవి.. 15 మందికి

కూరగాయలు: పొడవాటి ఇంగ్లిష్ కీరా 1, ఎర్ర క్యాప్సికం 1, పసుపు క్యాప్సికం 1, బేబీ క్యారెట్లు 1 పౌండు, సెలెరీ 1 కట్ట, చెర్రీ టమాటాలు 1 చిన్న డబ్బా, కాలీఫ్లవర్ సగం పువ్వు, బ్రకోలి 1 పువ్వు, గింజ తీసిన నల్ల ఆలివ్‌లు 1 చిన్న డబ్బా.

డిప్‌కు: వెన్న తీయని పాలతో చేసిన గ్రీక్ యోగర్ట్ 2 కప్పులు, సన్నగా తరిగిన డిల్ 2 టేబుల్ స్పూన్లు, వేయించి పొడి చేసిన జీలకర్ర అర టీ స్పూను, మిరియాల పొడి అర టీ స్పూను, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, ఉప్పు ముప్పావు టీ స్పూను. డిల్ అంటే తెలంగాణలో పప్పులో వేసే సోయకూరే. అది దొరక్కపోతే కొత్తిమీర చాలు.

ఆకుపచ్చ డిప్‌కు: కొత్తిమీర గుప్పెడు, పుదీనా పది ఆకులు, పచ్చిమిరపకాయ 1.

డిప్ ఇలా..

యోగర్ట్‌ను గిన్నెలోకి తీసుకుని చెంచాతో నునుపుగా గిలకొట్టాలి. జీలకర్ర పొడి, మిరియాల పొడి, నిమ్మరసం, డిల్ వేసి కలపాలి. ఉప్పు చివర్లో వేయాలి. ముందే వేసి చాలాసేపు ఉంచితే పెరుగు నీరు వదులుతుంది. ఇందులో 1 కప్పు తీసి కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరపకాయతో మిక్సీలో తిప్పితే ఆకుపచ్చ డిప్ సిద్ధం. దీన్ని ‘మంత్రగత్తె రసం’ అని పిలిస్తే పిల్లలకు సరదా. మిగిలిన తెల్ల డిప్ అస్థిపంజరానికి తలవుతుంది. రెండింటినీ కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే రుచులు బాగా కలుస్తాయి.

గ్రీక్ యోగర్ట్ బదులు ఇంట్లో తోడుపెట్టిన పెరుగు వాడాలనుకుంటే 4 కప్పుల పెరుగును పల్చటి బట్టలో వేసి, జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె ఉంచి 4 నుంచి 6 గంటలు ఫ్రిజ్‌లో వదిలేయాలి. నీరంతా దిగిపోయి సుమారు 2 కప్పుల గట్టి పెరుగు వస్తుంది. పుల్లటి పెరుగైతే నిమ్మరసం మానేయాలి.

పాలు పడనివారికి కంది పచ్చడి

పెరుగు డిప్‌లో అలర్జీ జాబితాలోకి వచ్చేది పాలు ఒక్కటే. పాలు పడని పిల్లలూ ఉంటారు కాబట్టి పక్కన మరో చిన్న గిన్నె పెట్టడం మంచిది. అందుకు మన కంది పచ్చడిని మించింది లేదు. 1 కప్పు కందిపప్పు, 1 టీ స్పూను జీలకర్రను నూనె లేకుండా దోరగా వేయించాలి. దింపే ముందు 3 ఎండుమిరపకాయలు వేసి తిప్పాలి. వేయించిన పప్పును అరగంట వేడినీళ్లలో నానబెట్టి, ఉప్పు, కాస్త చింతపండు చేర్చి మెత్తగా రుబ్బాలి. అన్నంలోకైతే గట్టిగా, బరకగా బాగుంటుంది. డిప్ కోసమైతే నీళ్లు పోసుకుంటూ వెన్నలా రుబ్బాలి. పిల్లల కోసమైతే మిరపకాయ ఒక్కటి చాలు. దాని నారింజ రంగు హాలోవీన్‌కు అచ్చంగా సరిపోతుంది.

ఇందులో ఇంగువ వేయకపోవడం మంచిది. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలిపి ఉంటుంది. గ్లూటెన్ పడనివారు వస్తుంటే ఆ చిటికెడే చిక్కు తెస్తుంది.

ఈ గిన్నెను గుమ్మడికాయలో కూర్చోబెడితే ఇంకా అందం. గిన్నె పట్టేంత చిన్న గుమ్మడికాయ తెచ్చి, పైభాగం కోసి, లోపలి గుజ్జు, గింజలు తీసేసి, కడిగి, తుడిచి అందులో గాజు గిన్నె దించాలి. ముఖం చెక్కి నాలుగు రోజులు గుమ్మంలో పెట్టిన కాయను మాత్రం ఇందుకు వాడకూడదు. ఐర్లండ్‌లో ఒకప్పుడు టర్నిప్ దుంపలకు ముఖాలు చెక్కేవారు. అక్కడి నుంచి వలస వచ్చినవారికి అమెరికాలో అంతకంటే పెద్ద గుమ్మడికాయ దొరికింది. మన దగ్గర కొత్త ఇంటికి దిష్టి తగలకూడదని గుమ్మడికాయ మీద కోరమీసాల ముఖం గీసి కట్టే అలవాటు ఉండనే ఉంది. పిల్లలకు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పవచ్చు.

అస్థిపంజరం పేర్చేదిలా..

సుమారు 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉన్న బేకింగ్ ట్రే తీసుకోవాలి. దానిమీద పార్చ్‌మెంట్ కాగితం పరవాలి. నల్లటి ట్రే దొరికితే రంగులు ఇంకా బాగా తేలతాయి.

తల: 4, 5 అంగుళాల గుండ్రటి తెల్ల గిన్నెలో తెల్ల డిప్ నింపి ట్రే పైభాగాన పెట్టాలి. ఆలివ్‌ను అడ్డంగా సగానికి కోసి రెండు కళ్లు, చిన్న ముక్కతో ముక్కు, సన్నటి చీలికలతో పళ్లు పెట్టాలి.

వెన్నెముక: కీరాను పావు అంగుళం మందాన చక్రాలుగా కోసి, కాగితంతో తడి అద్ది, గిన్నె కింద నుంచి ఒకదానిమీద ఒకటి కాస్త ఎక్కేలా నిలువుగా పేర్చాలి. 10, 12 చక్రాలు సరిపోతాయి.

పక్కటెముకలు: క్యాప్సికంను నిలువుగా సన్నటి చీలికలు చేస్తే సహజంగానే వంపు తిరిగి ఉంటాయి. వెన్నెముకకు రెండువైపులా ఐదేసి చీలికలు, పైన పొడవైనవి, కిందికి వచ్చేకొద్దీ పొట్టివి పెట్టాలి.

నడుము: క్యాప్సికం అడుగుభాగాన్ని అడ్డంగా కోస్తే మూడు నాలుగు వంపులున్న ముక్క వస్తుంది. అదే కటి ఎముక.

చేతులు, కాళ్లు: భుజం నుంచి మోచేతి దాకా రెండు బేబీ క్యారెట్లు, అక్కడి నుంచి మణికట్టు దాకా మరో రెండు. కాళ్లకు 3 అంగుళాల సెలెరీ ముక్కలు, తొడకు ఒకటి, పిక్కకు ఒకటి. భుజాలు, మోచేతులు, మోకాళ్ల దగ్గర చెర్రీ టమాటాలు. వేళ్లకు సన్నటి క్యారెట్ పుల్లలు, పాదాలకు కాలీఫ్లవర్ రెమ్మలు.

మిగిలిన ఖాళీ అంతా బ్రకోలి పరిస్తే అస్థిపంజరం గడ్డిలో పడుకున్నట్టు ఉంటుంది. ఆ బ్రకోలి మధ్యలో ఆకుపచ్చ డిప్ గిన్నె పెట్టాలి. ఎముకలు పిల్లలు లాగేస్తూ ఉంటారు కాబట్టి తరిగిన ముక్కల్లో సగం డబ్బాలో ఉంచి మధ్యమధ్యలో నింపుతూ ఉండాలి.

భారత్ నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు పచ్చి బ్రకోలి, పచ్చి కాలీఫ్లవర్ చూసి మొహం తిప్పుకోవచ్చు. ఈ రెండింటినీ ఉప్పు వేసిన మరిగే నీళ్లలో నిమిషంపాటు వేసి, తీసిన వెంటనే ఐసు నీళ్లలో ముంచితే పచ్చివాసన పోతుంది. రంగు నిగనిగలాడుతుంది, కరకర కూడా మిగులుతుంది. తర్వాత బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి.

ముందురోజు రాత్రి ఏం చేసుకోవచ్చు?

హాలోవీన్ పని రోజున వచ్చిందంటే ఆఫీసు నుంచి వచ్చి కూరగాయలు తరిగే తీరిక ఉండదు. డిప్‌లు ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. పెరుగు డిప్‌లో ఉప్పు మాత్రం ఆ పూట వేసుకోవాలి. క్యారెట్లు, సెలెరీ ముక్కలను చల్లటి నీళ్లలో వేసి మూతపెడితే మర్నాటికి కరకరలాడతాయి. క్యాప్సికం, బ్రకోలి, కాలీఫ్లవర్‌లను పొడి కాగితం పరిచిన డబ్బాల్లో ఉంచాలి. కీరా మాత్రం బయల్దేరే ముందే కోయాలి. కూరగాయలన్నింటినీ తరగడానికి ముందే కుళాయి కింద పారే నీటిలో కడగాలి, సబ్బు వాడకూడదు. ట్రేను ఇంట్లో పేర్చి కారులో తీసుకెళ్తే మలుపు మలుపుకీ ఎముకలు చెదిరిపోతాయి. ముక్కలు డబ్బాల్లో తీసుకెళ్లి పార్టీ ఇంట్లో పేర్చుకుంటే పది నిమిషాల పని.

మిక్సీ జార్ దగ్గరే అసలు జాగ్రత్త

మన వంటింట్లో పల్లీలు, నువ్వులు లేని రోజుండదు. ఉదయం ఇడ్లీలోకి పల్లీ చట్నీ రుబ్బిన జార్‌లోనే సాయంత్రం డిప్ తిప్పితే, వేరుశెనగ పడని బిడ్డకు అది ప్రాణాపాయం కావచ్చు. జార్ బ్లేడ్ల కింద, మూత రబ్బరు సందుల్లో పిండి ఇరుక్కుని ఉంటుంది. పైపైన నీళ్లు తిప్పితే పోదు. రబ్బరు ఊడదీసి సబ్బుతో తోమాలి. వీలుంటే ఈ పనికి వేరే జార్, వేరే కత్తిపీట, వేరే చెంచాలు కేటాయించాలి. ఆకుపచ్చ డిప్‌ను అసలు మిక్సీ జోలికి పోకుండా రోట్లో నూరినా బాగుంటుంది. ఆ రోట్లోనూ పల్లీలు దంచి ఉండకూడదు.

అమెరికాలో పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతల రకాలు, చెట్టు గింజలు, వేరుశెనగ, గోధుమ, సోయాలను ప్రధాన అలర్జీ పదార్థాలుగా గుర్తించారు. తొమ్మిదోదిగా నువ్వులు చేరాయి. 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ల మీద నువ్వుల పేరు తప్పనిసరిగా రాయాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. దుకాణంలో కొనే హమ్మస్‌లో నువ్వుల ముద్ద ఉంటుందని గుర్తుంచుకోవాలి. కెనడాలో ఉండేవారు డిప్ మీద ఆవాల పోపు వేసే ముందు ఆలోచించాలి. అక్కడ ఆవాలు కూడా ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయి. బ్రిటన్ జాబితాలో ఆవాలతోపాటు సెలెరీ కూడా ఉంది. అక్కడివారు కాళ్లకు సెలెరీ బదులు కీరా పుల్లలు పెట్టుకోవచ్చు.

ప్రతి గిన్నె పక్కనా చిన్న చీటీ రాసి పెట్టడం మంచి పద్ధతి. ‘పెరుగు డిప్: పాలు ఉన్నాయి. గుడ్డు, పల్లీ, గోధుమ వేయలేదు’ అని రాస్తే చాలు. తల్లిదండ్రులు ఒక్కొక్కరూ వచ్చి అడిగే పని తప్పుతుంది. ఇంట్లో పల్లీలు వాడతామని అడిగినవారికి దాచకుండా చెప్పాలి. తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లల విషయంలో తినాలా వద్దా అన్నది వారి తల్లిదండ్రులే నిర్ణయించుకుంటారు.

ఇళ్ల ముందు అక్కడక్కడ నెమలి రంగు వేసిన గుమ్మడికాయలు కనిపిస్తుంటాయి. అలర్జీ ఉన్న పిల్లల కోసం మా దగ్గర మిఠాయి కాకుండా చిన్న బొమ్మలు, స్టిక్కర్లు ఉన్నాయని దానర్థం. ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ 2014 నుంచి దీన్ని దేశమంతా ప్రచారం చేస్తోంది. మన గుమ్మంలోనూ అలాంటి కాయ ఒకటి పెట్టుకోవచ్చు.

ఎంగిలి కాకుండా.. పాడవకుండా..

కొరికిన క్యారెట్‌ను మళ్లీ డిప్‌లో ముంచడాన్ని ఇక్కడ ‘డబుల్ డిప్పింగ్’ అంటారు. మన భాషలో ఒక్క మాట, ఎంగిలి. పిల్లల గుంపులో దీన్ని ఆపడం కష్టం. అందుకే తల గిన్నెలో చెంచా వేసి, ఎవరి ప్లేటులోకి వారు వడ్డించుకునేలా చూడాలి. మరీ చిన్నపిల్లల పార్టీ అయితే చిన్న కప్పుల్లో అడుగున 2 చెంచాల డిప్ వేసి, అందులో నాలుగు కూరగాయ పుల్లలు నిలబెట్టి ఇస్తే ఎవరిది వారికే ఉంటుంది.

పెరుగు డిప్ బయట 2 గంటలకు మించి ఉండకూడదు. ఎండ వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంట మాత్రమే. ఐసు ముక్కలు నింపిన పెద్ద గిన్నెలో డిప్ గిన్నెను కూర్చోబెడితే చల్లదనం నిలుస్తుంది. పొగలు రావాలని డ్రై ఐస్ తెచ్చేవారు దాన్ని తినే పదార్థంలో వేయకూడదు, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.

నాలుగేళ్లలోపు పిల్లలకు చెర్రీ టమాటాలు, పచ్చి క్యారెట్లు గొంతుకు అడ్డుపడవచ్చు. టమాటాలను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. వారికి క్యారెట్, సెలెరీ బదులు మెత్తగా ఉడికించిన క్యారెట్ ముక్కలు పెట్టాలి. అందం కోసం పళ్లెంలో ప్లాస్టిక్ సాలెపురుగులు, అతికించే కళ్లు, పుల్లలు వేయకపోవడమే మేలు.

స్కూలుకు తీసుకెళ్లాలంటే ముందు టీచర్ పంపిన చీటీ చదవాలి. చాలా స్కూళ్లలో ఇంట్లో చేసిన తినుబండారాలను అనుమతించరు. దుకాణంలో కొని, సీలు తీయని, పదార్థాల జాబితా ఉన్న ప్యాకెట్లే తెమ్మంటారు. అలాంటప్పుడు సీలుతో ఉన్న కూరగాయల ట్రే, విడివిడి డిప్ కప్పులు కొని ఇవ్వడమే దారి.

మిగిలితే మర్నాటి వంట

పార్టీలో బయట పెట్టిన డిప్‌ను తిరిగి ఇంటికి తేకూడదు. ఫ్రిజ్ దాటని డిప్ మూడు నాలుగు రోజులు ఆగుతుంది, రొట్టెల్లోకి బాగుంటుంది. బల్ల మీదకు వెళ్లని కూరగాయ ముక్కలతో ఉప్మా, ఫ్రైడ్ రైస్, కూర ఏదైనా చేసుకోవచ్చు. గుమ్మడి గింజలు కడిగి ఆరబెట్టి, ఉప్పు కారంతో వేయిస్తే సాయంత్రం టీలోకి సరి. వంటకు వాడే చిన్న తీపి గుమ్మడికాయ కొన్నారా.. గిన్నె తీశాక గట్టిగా, తాజాగా ఉంటే కడిగి, చెక్కు తీసి బెల్లం వేసి పులుసు పెట్టేయండి.

పళ్లెం సిద్ధం చేసే ముందు ఒక్క పని మరచిపోవద్దు. పార్టీ ఇస్తున్నవారికి ఫోన్ చేసి, ‘వచ్చే పిల్లల్లో ఎవరికైనా ఏదైనా పడదా?’ అని అడగండి. ఆ జవాబును బట్టి ఎముకలు, డిప్‌లు మార్చుకోండి. అప్పుడు ఏ పిల్లాడూ ఖాళీ ప్లేటుతో నిలబడే పని ఉండదు.